అంతుచిక్కని ఒంటినొప్పులు: చీమకుర్తి, చుట్టుపక్కల మెట్టప్రాంతం

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యశాస్త్రం దీర్ఘకాలిక నొప్పి అంటుంది. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, స్కానింగులు అన్నీ చేయించినా తగిన జబ్బు ఏదీ బయటపడకపోతే రోగి చేతికి వచ్చేది ‘అన్నీ నార్మల్’ అన్న రిపోర్టు. నొప్పి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ప్రకాశం జిల్లాలో ఒంగోలు నుంచి కర్నూలు వెళ్లే రోడ్డు మీద ఉన్న ఊరు చీమకుర్తి. దానికి పడమట మర్రిపూడి, పొదిలి, కనిగిరి మెట్టభూములు, ఉత్తరాన గుంటూరు దాకా మిరప, పత్తి, పొగాకు చేలు. రాయి తొలిచేవాళ్లు, కాయ కోసేవాళ్లు, బోరునీళ్లు తాగి బతికేవాళ్లు ఉన్న ఈ నేలలో ఒంటినొప్పి ఇంటింటి సంగతి. అయితే నొప్పుల చరిత్రలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చోటుంది. వాతమనీ కర్మమనీ సరిపెట్టుకున్న ఒక బాధకు కారణం 1937లో ఈ చుట్టుపక్కలే దొరికింది. ఇవాళ ఇక్కడ అంతుచిక్కని నొప్పితో వచ్చిన మనిషిని ‘మానసికం’ అని పంపించేముందు ఏ ఊరి నీళ్లు, ఏ పని అని అడగాల్సిందేనని ఆ చరిత్ర చెబుతుంది. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు రాని నొప్పులు కూడా చాలా ఉన్నాయి. అవీ నిజమైన నొప్పులే.

నీళ్లలో దొరికిన జవాబు

అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి; 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పేరు పెట్టారు. 1930లలో ఈ తాలూకాల్లోని కొన్ని ఊళ్లలో నడివయసువాళ్లు మెడ తిప్పలేక, నడుం వంచలేక, మోకాళ్లు చాపలేక అవస్థపడేవారు. రైతులు ఈ తేడాను ముందుగా ఎడ్లలో పసిగట్టారని చెబుతారు. మంచి వయసులో ఉన్న ఎద్దు కాళ్లు బిగుసుకుపోయి అడుగు వేయలేకపోయేది.

మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి ఈ ఊళ్లను పరిశీలించి, తాగే బావుల్లో ఫ్లోరైడ్ మోతాదు మించి ఉందని తేల్చారు. 1937లో ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో వచ్చిన వారి వ్యాసం మన దేశంలో ఫ్లోరోసిస్ మీద మనుషుల్లో జరిగిన మొదటి ముఖ్యమైన పరిశోధన. షార్ట్ ఆ తర్వాత 1948లో గార్నమ్‌తో కలిసి మలేరియా క్రిమి మనిషి కాలేయంలో పెరిగే దశను కనిపెట్టాడు. పండిట్ భారత వైద్య పరిశోధన మండలికి మొదటి డైరెక్టరయ్యాడు. రాఘవాచారి నీటి పరీక్షల మనిషి. పెద్ద పేర్లు రెండూ డాక్టర్లవే అయినా, ఈ కథ ముడి విప్పింది నీటి పరీక్షే. వైద్యుడొక్కడే ఊరికి వచ్చి ఉంటే ఎముకలు చూసి వెళ్లేవాడు. బావినీళ్లు సీసాకు పట్టుకునే మనిషి పక్కన ఉన్నాడు కాబట్టి కారణం దొరికింది.

ఫ్లోరైడ్ ఈ నేలలోని గ్రానైటు, నైస్ శిలల్లోని ఖనిజాల నుంచి మెల్లగా నీటిలోకి దిగుతుంది. వానలు తక్కువ, ఎండ ఎక్కువ, నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. క్యాల్షియం తక్కువగా, బైకార్బొనేటు ఎక్కువగా ఉన్న నీటిలో ఫ్లోరైడ్ ఇంకా పేరుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 1.5 మిల్లీగ్రాములను హద్దుగా పెట్టింది. భారతీయ ప్రమాణం ప్రకారం 1 మిల్లీగ్రాము వరకు మంచిది. వేరే నీటివనరు లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు. మించిన నీళ్లు పిల్లలు తాగితే పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు పడతాయి. పెద్దవాళ్లలో ఏళ్లు గడిచేకొద్దీ ఎముక దట్టమై, స్నాయువులు సున్నం పట్టి గట్టిపడి, వెన్ను ఒకే కర్రలా బిగుస్తుంది. కొందరిలో వెన్నుపాము నలిగి కాళ్లు చచ్చుబడతాయి.

బిగుసుకున్న వెన్నును గుర్తుపట్టడానికి డాక్టరే అక్కర్లేదు. చిక్కంతా తొలిదశలోనే ఉంది. అప్పటికి ఎక్స్‌రేలో ఎముక మామూలుగానే కనిపించవచ్చు. మనిషి చెప్పేవి మాత్రం కీళ్లనొప్పులు, నడుంపట్టు, చేతులూ కాళ్లూ తిమ్మిర్లు, కడుపుబ్బరం, నీరసం. ఈ జాబితాను ఊరూపేరూ లేకుండా ఏ నగరంలోని క్లినిక్‌లో వినిపించినా ‘గ్యాస్, టెన్షన్, నరాల వీక్‌నెస్’ అనే మూడు మాటల్లో ఒకటి వస్తుంది. ఊళ్లలో పనికొచ్చే పరీక్షలు మూడున్నాయి, వాటికి పరికరాలేమీ అవసరం లేదు. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు ముట్టుకోమంటారు. గడ్డం ఛాతీకి ఆనించమంటారు. రెండు చేతులూ ఎత్తి తల వెనక్కి పెట్టమంటారు. మూడింటిలో ఏది కుదరకపోయినా, పిల్లల పళ్ల మీద చారలున్నా, మూత్రంలోనూ తాగేనీటిలోనూ ఫ్లోరైడ్ కొలవాలి. తొలిదశలో నీళ్లు మారిస్తే నొప్పులు తేలికపడతాయి. ముదిరిన ఎముక మార్పులు వెనక్కి రావు.

పొదిలి కథే తర్వాత నల్లగొండలో నడిచింది. 1955లో సిద్దిఖీ అక్కడి ఫ్లోరోసిస్‌ను బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించాడు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడ్ ప్రాంతాల్లో కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్‌లో ప్రకటించారు. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతిని రూపొందించింది. అది నల్లగొండ పద్ధతిగా పేరుపడింది. బకెట్లతో ఇంట్లోనే చేయొచ్చు. కాకపోతే రోజూ కొలిచి కలిపే ఓపిక ఎంతమందికి ఉంటుంది? చివరికి ఇక్కడైనా అక్కడైనా మేలు చేసింది దూరం నుంచి పైపుల్లో వచ్చిన నదినీళ్లే. మెట్ట మండలాల్లో నాగార్జునసాగర్ నీళ్లు అందిన ఊళ్లకూ ఇంకా బోరు మీదే బతుకుతున్న ఊళ్లకూ మధ్య తేడా పిల్లల పళ్లలో కనిపిస్తుంది.

రాయి

చీమకుర్తి అంటే బయటి ప్రపంచానికి గెలాక్సీ గ్రానైటు. నల్లటి రాతిలో బంగారు చుక్కలు. అవి బ్రాంజైట్ అనే ఖనిజం. శాస్త్రరీత్యా ఇది గ్రానైటు కాదు, గాబ్రో జాతి రాయి. వ్యాపారంలో గ్రానైటుగా స్థిరపడింది. రామతీర్థం, ఆర్.ఎల్.పురం, బూదవాడ చుట్టూ క్వారీలు, రోడ్డు పొడవునా పాలిష్ ఫ్యాక్టరీలు. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కూలీలు పెద్ద సంఖ్యలో ఉంటారు. వాళ్ల నొప్పిని వాళ్ల భాషలో వినేవాళ్లు దగ్గర్లో ఉండరు. ఇది మామూలుగా ఎవరి లెక్కలోకీ రాని సంగతి.

జాక్‌హ్యామర్ పట్టుకుని ఏళ్లపాటు పనిచేసినవాడి వేళ్లు ముందు తిమ్మిరెక్కుతాయి, తర్వాత పట్టు సడలుతుంది, రాత్రిళ్లు చేతులు సలుపుతాయి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ దగ్గర సున్నపురాయి కోసే కార్మికులను 1918లో ఆలిస్ హామిల్టన్ పరీక్షించి, గాలి సుత్తుల అదురుకూ చలికి పాలిపోయే వేళ్లకూ సంబంధం ఉందని చూపించింది. మన ఎండకు వేళ్లు తెల్లబడటం అంతగా కనపడదు, తిమ్మిరి మాత్రమే మిగులుతుంది. అందుకే ఇక్కడ దాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. చేతి ఎక్స్‌రేలో ఏమీ రాదు. రక్తంలో ఏమీ రాదు. ‘ఏం పని చేస్తావయ్యా?’ అన్న ప్రశ్నకే ఇది చిక్కుతుంది. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ వేరే సంగతి. అది ఊపిరితిత్తుల జబ్బు, చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తివ్యాధి. ఆయాసం, ఛాతీనొప్పి మొదలైనా చాలాకాలం దమ్ముగానో, టీబీగానో చలామణి అవుతుంది.

మిరప, పత్తి, పొగాకు

మిరపకోతలో రోజంతా నడుం వంచే ఉంటుంది. పత్తి తీతలో ఒడిలో బరువు పెరిగేకొద్దీ వెన్ను ముందుకు లాగుతుంది. కోసిన కాయ కల్లంలో ఆరిన తర్వాత తాలు ఏరడం, తొడిమలు తీయడం ఆడవాళ్ల పని. బాసింపట్టు వేసుకుని కాయల గుట్ట ముందు కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి తప్ప లేవరు. కూలి తూకం మీద. సాయంత్రానికి మోకాళ్లు పట్టేస్తాయి, బొటనవేలి మొదలు సలుపుతుంది, అరచేతులు భగ్గున మండుతాయి. టిక్కీలు (మిరప బస్తాలు) మోసే హమాలీ నడుం గురించి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ చేతుల మంట శాస్త్రానికి చేసిన మేలు చాలా పెద్దది. మిరపలోని క్యాప్సైసిన్ చర్మాన్ని కాల్చదు, పుండు చేయదు. మరి మంట ఎక్కడిది? 1997లో కాలిఫోర్నియాలో డేవిడ్ జూలియస్ బృందం జవాబు కనిపెట్టింది. నరాల కొసల్లో వేడిని గుర్తుపట్టే ఒక ద్వారం ఉంది, దాన్ని ఇప్పుడు టీఆర్‌పీవీ1 అంటారు. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి అది తెరుచుకుంటుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే ద్వారం తెరుచుకుంటుంది. చర్మం మామూలుగానే ఉన్నా నిప్పు తగిలిందన్న కబురు మెదడుకు వెళుతుంది. స్పర్శ గ్రాహకాలను కనిపెట్టిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి జూలియస్‌కు 2021లో వైద్య నోబెల్ ఇచ్చారు. గాయం లేకుండా నొప్పి ఉంటుందా అని అనుమానించేవాళ్లను గుంటూరు మిర్చియార్డుకు తీసుకెళితే సరిపోతుంది.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కొబ్బరినూనె, వెన్న రాసుకునే అలవాటు అందుకే పనిచేస్తుంది. చేతులు నీళ్లలో ముంచినంతసేపే హాయి, తీస్తే మళ్లీ మంట. ఇదే పదార్థం పదేపదే తగిలితే ఆ నరాల కొసలు మొద్దుబారతాయి. ఆ గుణాన్ని పట్టుకుని క్యాప్సైసిన్ పూతమందులు, 8 శాతం పట్టీలు తయారుచేశారు. సర్పి తగ్గిన తర్వాత మిగిలిపోయే మంటకు, మధుమేహంలో అరికాళ్ల మంటకు వాడతారు.

పొగాకు ఇంకో రకంగా తికమక పెడుతుంది. చలికాలం పొద్దున మంచు తడి ఆరని ఆకు కోసి భుజాన వేసుకుంటే ఆకులోని నికోటిన్ ఆ తడిలో కరిగి చర్మం గుండా ఒంట్లోకి దిగుతుంది. వాంతులు, తలతిప్పు, తలనొప్పి, నీరసం. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, మళ్లీ చేలోకి వెళితే మళ్లీ వస్తుంది. పచ్చాకు జబ్బు అని దీన్ని పొగాకు పండే దేశాల్లో గుర్తించారు. బీడీ, చుట్ట తాగని ఆడవాళ్లనూ పిల్లలనూ ఎక్కువ బాధపెడుతుంది, ఎందుకంటే వాళ్ల ఒంటికి నికోటిన్ అలవాటు ఉండదు. చేతికి తొడుగులు, పైన వాటర్‌ప్రూఫ్ గుడ్డ, ఆకు ఆరాక కోత: ఇంతకుమించి మందేమీ లేదు.

తేలిగ్గా తప్పిపోయే జబ్బులు

కారణం లేదని తేల్చేముందు చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. థైరాయిడ్ తగ్గడం, మధుమేహం, బి12 లోపం, కుష్ఠు మొదటిదశ, కీళ్లవాతం. చికున్‌గున్యా 2005, 2006 సంవత్సరాల్లో రాయలసీమ నుంచి మొదలై దేశమంతా పాకినప్పుడు జ్వరం వారంలో తగ్గినా కీళ్లు నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి పట్టుకున్నాయి. విటమిన్ డి సంగతి వింతగా అనిపిస్తుంది. ఇంత ఎండలో బతికేవాళ్లకు లోపమేమిటని అడుగుతారు. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్ బృందం దక్షిణాంధ్ర పల్లెల్లోనూ పట్టణాల్లోనూ పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితాల్లో విటమిన్ డి లోపం విస్తారంగా కనిపించింది. తిండిలో క్యాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ. ఫ్లోరైడ్ ఊళ్లలో క్యాల్షియం కరువు జబ్బును ఇంకా ముదరబెడుతుంది.

గర్భసంచి

అంతుచిక్కని నొప్పికి తెలుగునాట చెల్లించిన అతిపెద్ద మూల్యం గర్భసంచి తీయించుకోవడమే కావచ్చు. నడుంనొప్పి, పొత్తికడుపులో లాగుడు, తెల్లబట్ట, నీరసం. ఈ నాలుగూ చెప్పుకున్న పల్లెటూరి ఆడమనిషికి మామూలుగా దొరికే జవాబు, ‘గర్భసంచి పాడైంది, తీసేస్తే పోతుంది.’ 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్లలోపు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్ 8.9 శాతంతో మొదటి స్థానంలో, తెలంగాణ రెండో స్థానంలో ఉన్నాయి.

తెల్లబట్ట ఫిర్యాదు మీద గోవాలో విక్రమ్ పటేల్ బృందం రెండువేలకు పైగా ఆడవాళ్లను పరీక్షించి 2005లో ప్రకటించిన సర్వే ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఫిర్యాదుకూ ఇన్‌ఫెక్షన్‌కూ ఉన్న సంబంధం తక్కువని, మనోవేదనకూ ఇంట్లోని ఒత్తిళ్లకూ ఉన్న సంబంధం ఎక్కువని తేలింది. అంటే నొప్పి అబద్ధమని కాదు. మొగుడి తాగుడు, అప్పు, నిద్రలేమి, వంచిన నడుం ఎత్తకుండా చేసే కూలి. ఇవి చెప్పుకునే చోటు ఆమెకు లేదు. నడుంనొప్పి చెప్పుకోవడానికి ఉంది. గర్భసంచితోపాటు అండాశయాలూ తీసేస్తే ముప్పైల్లోనే ముట్లు ఆగిన దశ వస్తుంది, ఎముకలు పలచబడతాయి, నాలుగేళ్లకు ఒళ్లంతా నొప్పులని మళ్లీ అదే గుమ్మం ముందు నిలబడాలి. అనవసరమైన గర్భసంచి ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఏ కారణమూ దొరకనప్పుడు

నీళ్లు మంచివే. పనిలో చెప్పుకోదగ్గదేమీ లేదు. థైరాయిడ్, విటమిన్లు, షుగర్ అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా ఒళ్లంతా నొప్పి. వైద్యశాస్త్రం చాలాకాలం ఇలాంటివాళ్లను రెండు గదుల్లో ఒకదానిలోకి తోసేది: ఒంటి జబ్బు, లేకపోతే మనసు జబ్బు. ఈ గోడ గత 60 ఏళ్లలో కొంచెం కొంచెంగా కూలింది. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ వెన్నుపాములో నొప్పి కబుర్లను ఆపే, వదిలే ఏర్పాటు ఉందని ప్రతిపాదించారు. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ప్రయోగాల్లో, గాయం కబురు పదేపదే అందితే వెన్నుపాములోని నాడీకణాలే సున్నితమైపోతాయని తేలింది. తిరునాళ్లలో మైకుసెట్టు వాల్యూం చివరిదాకా తిప్పి వదిలేస్తే చిన్న గొణుగుడూ ఊరంతా వినపడుతుంది. ఫైబ్రోమయాల్జియాలో జరిగేది ఇంచుమించు ఇదే. గట్టిగా పట్టుకుంటే నొప్పి, మంచం పట్టె తగిలితే నొప్పి, నిద్రలేచినా బడలిక తీరదు. 1990లో అమెరికన్ రుమటాలజీ కాలేజీ ఒంటి మీద 18 చోట్ల నొక్కి 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బని నిర్ణయం పెట్టింది. 2010లో ఆ నొక్కుడు పద్ధతి వదిలి, నిద్ర, అలసట, మతిమరుపు కూడా లెక్కలోకి తెచ్చారు.

కణజాలం చెడకుండా, నరం తెగకుండా, నొప్పిని నడిపే వ్యవస్థే మారిపోవడం వల్ల వచ్చే నొప్పికి అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో నోసిప్లాస్టిక్ అనే వర్గాన్ని ఏర్పరచింది. అదే సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరిస్తూ, కణజాలం దెబ్బతిన్నప్పుడు కలిగేదాన్ని పోలిన బాధ అయినా నొప్పే అని చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల వర్గీకరణలో దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పి సొంతంగా ఒక జబ్బు. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ పుస్తకంలో కూడా 2013 నుంచి, లక్షణానికి కారణం దొరకలేదన్న ఒక్క సంగతి పట్టుకుని మానసిక రుగ్మత అనడానికి వీల్లేదు.

దిగులుకూ నొప్పికీ మెదడులో దారులు కలుస్తాయి. ఒకటి ఉన్నచోట రెండోది తరచుగా ఉంటుంది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో రఘురామ్, వీస్, చన్నబసవన్న 1996లో ప్రకటించిన అధ్యయనంలో, దిగులు అని చెప్పుకున్నవాళ్లు ఎక్కువ సిగ్గుపడ్డారు, ఒంటిబాధ చెప్పుకున్నవాళ్లు తక్కువ సిగ్గుపడ్డారు. ఒళ్లునొప్పులంటే అత్తగారు కాపడం పెడుతుంది. దిగులంటే పెళ్లి సంబంధాలు తప్పిపోతాయి. ఏది బయటికి చెబుతారో ఊహించడం కష్టం కాదు.

సూది, సెలైన్, మాత్ర

పొద్దున ఎనిమిదింటికి ఊళ్లోని ఆర్‌ఎంపీ వైద్యుడి ఇంటి అరుగు మీద జరిగే సంభాషణ ఇలా ఉంటుంది. ‘ఏమ్మా, ఎక్కడ నొప్పి?’ ‘ఎక్కడని చెప్పనయ్యా, ఒళ్లంతానే. కూలికి పోవాల, ఒక సూది ఎయ్యి.’ సూది పడుతుంది, మధ్యాహ్నానికి ఒళ్లు తేలికపడుతుంది, కూలి దక్కుతుంది. ఆ లెక్క ఆమెకు బాగా తెలుసు, దాన్ని అజ్ఞానమనడం అన్యాయం. పట్నం ఆస్పత్రికి వెళితే బస్సు చార్జీ, పోయిన కూలి, పరీక్షల ఖర్చు; తిరిగొచ్చేది ‘నార్మల్’ అన్న కాగితం.

సూదిలో ఉన్నది చాలాసార్లు డైక్లోఫెనాక్, కొన్నిసార్లు డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్. స్టెరాయిడ్ నెలల తరబడి పడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది; ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు కుప్పకూలుతుంది. పేరులేని ఆకుమందు పొట్లాల్లోనూ స్టెరాయిడ్ కలుపుతారు. వెంటనే గుణం కనిపించే పొడి మీద అనుమానం పెట్టుకోవాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పిమాత్రలు ఎండలో చెమటోడ్చి నీళ్లు తక్కువ తాగినవాళ్ల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పశువులకు వేసిన ఇదే మందు వాటి కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి జాతినే తుడిచిపెట్టే దాకా వచ్చిందని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. శ్రీకాకుళం ఉద్దానంలో వేలమందిని పట్టిన మూత్రపిండాల జబ్బుకు ఇప్పటికీ ఒక్క కారణం తేలలేదు. అనుమానితుల జాబితాలో నొప్పిమాత్రలూ ఉన్నాయి.

పనికొచ్చేవి

బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో విడుదల చేసిన సలహాపత్రం చదివితే చాలామంది ఆశ్చర్యపోతారు. దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పికి పారాసెటమాల్, డైక్లోఫెనాక్ తరహా మాత్రలు, నల్లమందు జాతి మందులు, గబాపెంటిన్, ప్రీగాబలిన్ కొత్తగా మొదలుపెట్టవద్దంది. వ్యాయామం, ఆలోచనా ధోరణిని మార్చే మానసిక చికిత్స, కొందరికి అమిట్రిప్టిలిన్, డ్యులోక్సెటిన్ వంటి మందులు ఇవ్వవచ్చంది. ఈ చివరి మందుల చీటీ మీద ‘డిప్రెషన్ మాత్ర’ అని మెడికల్ షాపువాడు చెప్పగానే రోగి వాటిని పారేయడం మామూలే. ఇవి తక్కువ మోతాదులో నొప్పి కబుర్లను అణచే నాడీమార్గాల మీద పనిచేస్తాయని రాసిచ్చే డాక్టరు ముందే చెబితే ఆ తంటా తప్పుతుంది.

వ్యాయామమంటే రోజంతా చేలో పనిచేసే మనిషికి నవ్వొస్తుంది. ఆ నవ్వు సబబే. ఒకే కండరాన్ని ఎనిమిది గంటలు ఒకే తీరులో వాడటాన్ని వ్యాయామం అనరు. ఆమెకు కావలసింది వాడని కండరాలకు పని, వాడినవాటికి సాగదీత, గంటకోసారి లేచి నిలబడటం. తొడిమలు తీసేచోట కూర్చోవడానికి ఒక పొట్టి స్టూలు, ఒడిలో బరువును రెండు తుంట్ల మీదకు పంచే సంచీ లాంటివి మందులకంటే చౌక. వీటిని కొనేది మాత్రం కూలిమనిషి కాదు, యజమాని కొనాలి. అక్కడే పని ఆగిపోతుంది.

నొప్పితో ఏళ్లు బతికినవాళ్లంతా చేసే పని ఒకటుంది. ఒళ్లు కాస్త బాగున్నరోజు పేరుకుపోయిన చాకిరీ అంతా ఒక్కపూటలో చేసేస్తారు. తర్వాతి రెండు రోజులు మంచం దిగరు. ఆ భయంతో మెల్లగా కదలడమే మానేస్తారు, కండ చిక్కుతుంది, నొప్పి ఇంకా పెరుగుతుంది. నొప్పి ఎక్కువ తక్కువలతో పని లేకుండా రోజుకింత అని కొద్దిగా, ఆగకుండా చేయడం, వారానికి కొంచెం పెంచడం దీనికి ఫిజియోథెరపిస్టులు చెప్పే దారి. వినడానికి తేలిక. పంట మీదున్న మిరపచేను, కూలి కోసం కబురు పంపే మేస్త్రీ ఈ లెక్కను ఒప్పుకోరు.

మనసువిప్పి మాట్లాడే చోటు ఊళ్లో లేనివాళ్లకు 2022 అక్టోబర్ నుంచి 14416 నంబరుతో టెలీ మానస్ ఫోన్ సేవ నడుస్తోంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఒంటినొప్పి గురించి చెప్పినా వింటారు.

కాగితాలు

2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. ఆపరేషన్‌కు డబ్బు దొరుకుతుంది. అరగంట కూర్చోబెట్టి ఏ నీళ్లు, ఏ పని, నిద్ర ఎలా ఉందని అడిగే డాక్టరు సమయానికి దొరకదు. వికలాంగ పింఛనుకు సదరం శిబిరంలో కనీసం 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ రావాలి. ఫ్లోరోసిస్‌తో వెన్ను, మోకాళ్లు బిగిసినవాళ్లకు కదలికల లోపం కింద శాతం వేస్తారు. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతుందో శిబిరంలోని మెడికల్ బోర్డు కొలుస్తుంది. ఫైబ్రోమయాల్జియా ఉన్న మనిషి మోకాలు ఎంత నొప్పితోనైనా పూర్తిగా వంగుతుంది, కాబట్టి ఆ కొలతలో ఆమెకు లోపమేమీ కనిపించదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దీర్ఘకాలిక నొప్పి వాటిలో లేదు. రాతిపనిలో చేతులు తిమ్మిరెక్కినవాడికీ, కల్లంలో నడుం పోయినామెకూ పని ఆధారంగా పరిహారం అడిగే హక్కు చట్టంలో కొంత ఉంది. దానికి యజమాని పేరు, హాజరు పుస్తకం కావాలి. తూకం మీద కూలి తీసుకునేవాళ్లకు, మేస్త్రీ మీద ఆధారపడి వచ్చిన బయటి రాష్ట్రాల కూలీలకు ఆ పుస్తకంలో పేరు ఉండదు.